ఆకు రంగు – పంట లెక్క



మా నాయన బడి మొహం చూడని మనిషి. ఆత్మకూరు దగ్గర కౌలు కయ్య గట్టున నిలబడి, ఆకు రంగు చూసి "ఈసారి రెండు పుట్లకు మించదు" అనేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. ఆ చూపు వెనకున్న సైన్సు ఎమ్మెస్సీలో చేరాకగాని మాకు తెలియలేదు. దాన్నే ఇక్కడ మీకు చెప్పదలిచాం.

పచ్చని ఆకులోని పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని ఆకు వెనక్కి పంపుతుంది. ఆకు ఎండితే ఈ తేడా తగ్గుతుంది. పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్.డి.వి.ఐ. అంటారు.

ఉదాహరణకు, పరారుణం 45, ఎరుపు 5 అయితే 40ని 50తో భాగించాలి: 0.8. పైరు బాగుంది. పరారుణం 30, ఎరుపు 20 అయితే 0.2. పైరు దెబ్బతింది.

ఇది మనకెందుకు? పంటల బీమాకు దిగుబడిని కోత ప్రయోగాలతో లెక్కగడతారు. వరిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చోట కోసి తూస్తారు. అక్కడ 16 కిలోలు వస్తే, 162తో హెచ్చిస్తే ఎకరాకు 2,592 కిలోలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కనుక సుమారు 3 పుట్లు. కానీ ఒక ఏడు కాలువ చివరనున్న మా కయ్యకు నీళ్ళందలేదు. కోత ప్రయోగాలు బాగా పండిన చోట పడ్డాయి. ఊరి సగటు బాగుందన్నారు. మాకు బీమా రాలేదు. నాయన మాటకు రుజువు లేకపోయింది.

2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరి, గోధుమలకు ఉపగ్రహ అంచనాలను కూడా కలపాలని కేంద్రం నిర్ణయించింది. అయితే ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్మితే ఈ కాంతిని కొలిచే ఉపగ్రహానికి మన కయ్య కనపడదు. అప్పుడు చేతి సెన్సర్ ఉపయోగపడుతుంది. 680, 810 నానోమీటర్ల దగ్గర కాంతిని కొలిచే చిన్న సెన్సర్ బోర్డు, ఒక ఆర్డుయినో కలిపి కొన్ని వేల రూపాయల్లో వస్తాయి.

పద్ధతి ఇది. వరి పొట్ట మీదున్నప్పుడు 20 చోట్ల గుర్తులు పెట్టి, ఒకే ఎత్తు నుంచి కొలవాలి. ప్రతిసారీ ముందు తెల్ల కాగితం మీద కొలిచి, ఆ వెలుతురుతో పోల్చాలి. కోతప్పుడు అవే చోట్ల గింజ తూచి గ్రాఫు గీయాలి. ఆత్మకూరు వరికి గీసిన గీత ఉదయగిరి మెట్టలో కందికి పనికిరాదు. దానికి వేరే గీయాలి.

ఒక హెచ్చరిక. సెన్సర్ చూసేది ఆకునే, గింజను కాదు. పైరు బాగా ఒత్తుగా ఉంటే అంకె పెరగడం ఆగిపోతుంది. పూత మీద వాన పడి గింజ తాలు పోయినా ఆకు పచ్చగానే ఉంటుంది. కనుక కోత ప్రయోగం మానకూడదు.

నాయన చూపును తేదీతో సహా కాగితం మీద పెట్టగలిగితే అడిగేటప్పుడు చేతిలో ఒక ఆధారం ఉంటుంది. దీనికి కావలసినవి కూడిక, తీసివేత, భాగహారం. అవి మీకు వచ్చినవే. సెలవుల్లో మీ కయ్యతోనే మొదలుపెట్టండి.