ప్రశ్నలు - జవాబులు: చిన్న బడి, పలు భాషలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా చిన్న ప్రైవేటు బడుల గురించే వచ్చాయి. నేను ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పింది అలాంటి బడుల్లోనే. అక్కడ వెనక బెంచీలో దాక్కోవడానికి చోటుండదు, ప్రతి పిల్లా కనబడుతుంది. ఆ చూపు ఆదరించేదా, వేలెత్తి చూపేదా? ఈ ఉత్తరాలన్నింటి వెనకా ఉన్న ప్రశ్న అదే.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. బడి మొత్తానికి 180 మంది. టీచర్లందరికీ పాప పేరు తెలుసు, సంతోషంగా వెళ్తుంది. మా ఆడపడుచు మాత్రం ఆరో తరగతికల్లా ఐఐటీ ఫౌండేషన్ ఉన్న పెద్ద బడిలో వేయకపోతే తర్వాత బాధపడతావంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: పిల్ల సంతోషంగా వెళ్తోందంటే అది చిన్న విషయం కాదు. దాంతోపాటు చదువు కూడా చూడండి. ఈ సాయంత్రం వాచకంలో ఇంకా చెప్పని పాఠం తీసి చదవమనండి. లెక్కల నోట్సు తెరవండి. తప్పు దగ్గర టీచర్ ఇంటూ పెట్టి వదిలేశారా, మళ్లీ చేయించి దిద్దారా గమనించండి. క్లాసు టీచర్ నిరుడు కూడా అక్కడే ఉన్నారేమో అడగండి. చిన్న బడుల్లో జీతాలు తక్కువ కాబట్టి టీచర్లు నడి ఏడాదిలో మానేస్తుంటారు. ఒక్క ఏడాదిలో ముగ్గురు లెక్కల టీచర్లు మారిన క్లాసును నేను చూశాను. ముగ్గురూ భిన్నాలు మొదలుపెట్టారు, ఒక్కరూ పూర్తి చేయలేదు.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచర్ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒకరు, అందులోనూ లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు వేర్వేరుగా ఉండాలి. చిన్న బడి తడబడేది ఇక్కడే. ఆరో తరగతికి సైన్సు చెప్పేదెవరో ఇప్పుడే కనుక్కోండి. గుర్తింపు ఏ తరగతి దాకా ఉందో, ప్రభుత్వం బడికిచ్చే యూడైస్ నంబరు ఎంతో కూడా అడగండి. గుర్తింపు లేని బడులు పదో తరగతి పిల్లలను వేరే బడి పేరు మీద పరీక్షకు పంపడం ఉంది. ఇవన్నీ సరిగా ఉంటే పాపను కదపకండి. ఆ వయసుకు కావలసిన ఫౌండేషన్ భిన్నాలు, దశాంశాలు, చదివింది అర్థం చేసుకుని సొంత మాటల్లో చెప్పడం.

ప్రశ్న: ఫీజు బాకీ ఉందని ఐదో తరగతి పూర్తయిన మా బాబుకు టీసీ ఇవ్వనంటున్నారు. ప్రభుత్వ బడిలో వేద్దామంటే టీసీ లేదు.
– నిజామాబాద్ నుంచి

జవాబు: టీసీ కోసం ఆగకుండా వెళ్లి చేర్చండి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు. పాత బడి హెడ్మాస్టరు కూడా టీసీ వెంటనే ఇవ్వాలి. ఇవ్వకపోతే మండల విద్యాధికారికి అర్జీ రాసి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. బాకీ పెద్దల మధ్య లెక్క. వాయిదాల్లో కడతానని కాగితం రాసివ్వండి, మాట నిలుపుకోండి. బాబు మాత్రం బడి తెరిచిన రోజే బెంచీలో కూర్చోవాలి.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. పేద పిల్లల 25 శాతం కోటాలో మా అబ్బాయికి ప్రైవేటు బడిలో సీటొచ్చింది. ఇప్పుడు రెండో తరగతి. పిల్లలు వాణ్ని ‘ఫ్రీ సీటు’ అని పిలుస్తున్నారట. బడి మాన్పించేద్దామా అనిపిస్తోంది.
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మాన్పించకండి. ఆ సీటు ఎవరి దయా కాదు. విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ ఇచ్చింది. దాని మీద ప్రైవేటు బడులు కోర్టుకు వెళ్తే, 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని తీర్పిచ్చింది. బడికి ఆ ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. ఈ పిల్లలను వేరే గదిలోనో వేరే వేళల్లోనో కూర్చోబెట్టకూడదని, పుస్తకాలు, యూనిఫాం, ఆటల్లో తేడా చూపకూడదని నియమాలున్నాయి.

రెండో తరగతి పిల్లలకు ఫీజుల సంగతి తెలియదు. ఆ మాట పెద్దవాళ్ల నోటి నుంచే వచ్చి ఉంటుంది. క్లాసులో పేర్లు చదివి లేపి నిలబెడుతున్నారేమో, ఆఫీసు గదిలో ఎవరైనా అలా అంటున్నారేమో. ముందు క్లాసు టీచర్‌ను విడిగా కలిసి, కోపం లేకుండా ఆ సంగతి అడగండి. చాలామంది టీచర్లు తెలిశాక సిగ్గుపడి సరిదిద్దుకుంటారు. అయినా మారకపోతే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆపైన జిల్లా విద్యాధికారి ఉన్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. వాడితో మాత్రం ఒకటే చెప్పండి: “ఈ బడి నీది కూడా నాన్నా.”

ప్రశ్న: ఐదో తరగతి చదివే మా బాబు డబ్బాలో కోడిగుడ్డు కూర పెట్టాను. పక్క పాప వాళ్లమ్మ అభ్యంతరం చెప్పిందని, అప్పటి నుంచి వాణ్ని విడిగా కూర్చోబెడుతున్నారు. టీచరమ్మేమో సర్దుకుపొమ్మంటున్నారు.
– గుంటూరు నుంచి

జవాబు: ఇందులో సర్దుకుపోవలసిన పని లేదు. మన ఊళ్లలో వేరే పంక్తికి ఎంత పాత చరిత్ర ఉందో పెద్దవాళ్లకు తెలుసు. పిల్లవాడికి ఆ చరిత్ర తెలియకపోయినా, తనను ఎక్కడ కూర్చోబెట్టారో అర్థమవుతుంది.

అలాగని ఆ పాప ఇంటి నియమాన్ని తీసిపారేయకూడదు. మా బడిలో అందరికీ ఒకటే పద్ధతి పెట్టాం. అందరూ కలిసే కూర్చుంటారు. ఎవరి డబ్బా వాళ్లది. ఇంట్లో ఒప్పుకోనిదే ఒకరి కూర ఒకరు తినరు. పక్కవాడి అన్నం చూసి ముక్కు మూసుకుంటే తప్పు. రంజాన్ నెలలో ఉపవాసమున్న పిల్లలు భోజనం వేళ లైబ్రరీలో కూర్చునేవారు, ఆటల పీరియడ్‌లో పరుగులకు బదులు స్కోరు రాసేవారు. తల్లిదండ్రుల సమావేశంలో ఇలాంటి పద్ధతిని మీరే ప్రతిపాదించండి. వీలైతే ఆ పాప వాళ్లమ్మతో ముందుగా మాట్లాడి, ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి.

ప్రశ్న: పటాన్‌చెరులో చిన్న బడిలో తెలుగు టీచర్‌ని. మూడో తరగతిలో 22 మంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎనిమిది మందే. మిగతావాళ్లవి హిందీ, ఉర్దూ, ఒడియా, లంబాడీ ఇళ్లు. పైగా బడిలో ఇంగ్లిష్ తప్ప వేరే భాష మాట్లాడితే జరిమానా. తెలుగు ఎలా నేర్పను?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ జరిమానా తీసేయించు. ఇంటి భాషకు వెల కట్టి వసూలు చేస్తే పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకోరు, నోరు మూసుకోవడం నేర్చుకుంటారు. యాజమాన్యానికి చట్టం కూడా చూపించు. ఏ బోర్డు బడిలోనైనా తెలుగు నేర్పాలని తెలంగాణలో 2018లోనే చట్టం వచ్చింది.

ఇక పాఠం సంగతి. పొద్దున్నే నువ్వు పిలిచే ‘హాజరు’తోనే మొదలుపెట్టు. అది ఉర్దూ నుంచి మనకొచ్చిన మాటని చెప్పి, ఉర్దూ ఇంటి పిల్ల మొహం చూడు. కుర్చీ, ఖర్చు, జిల్లా, రైతు కూడా ఆ దారిలో వచ్చినవే. హిందీలో పానీ, ఒడియాలో పాణి, మనకు పానీయం. రోజుకో మాట తీసుకుని, మీ ఇంట్లో దీన్నేమంటారని అందరినీ అడిగి గోడ మీది చార్టులో రాయించు. లంబాడీ పిల్లవాడు తన మాట చెప్పిన రోజు నువ్వు కూడా దాన్ని పలికి, సరిగ్గా అన్నానా అని వాణ్నే అడుగు. రాయడం కంటే ముందు కథలు వినిపించు, పాటలు పాడించు. కొత్తగా వచ్చిన పిల్ల కొన్ని నెలలు పెదవి విప్పకపోయినా కంగారుపడకు. అది వింటోంది.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్నాను. క్లాసులో మొత్తం 14 మందిమి, అమ్మాయిలం ఐదుగురం. ఎల్‌కేజీ నుంచీ కలిసే ఉన్నాం. ఒక గొడవ తర్వాత నలుగురూ నాతో మాట్లాడటం లేదు. పెద్ద బడైతే వేరే సెక్షన్‌కు మారేదాన్ని. రోజూ కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోవాలనిపిస్తోంది.
– కరీంనగర్ నుంచి

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిజమే, చిన్న బడిలో అలిగితే తప్పుకుని తిరగడానికి కూడా చోటుండదు. రోజూ అవే నాలుగు మొహాలు. నీ బాధ చిన్నదని నేననను.

నలుగురితో ఒకేసారి మాట్లాడబోకు. గుంపులో ఎవరూ మెత్తబడరు. నలుగురిలో నీకు దగ్గరైన ఒక్కరిని ఇంటికి వెళ్లే దారిలో పలకరించు. నీ వైపు తప్పుంటే ఒక్క మాటలో ఒప్పుకో, సంజాయిషీ వద్దు. ఈలోగా క్లాసు దాటి చూడు. చిన్న బడిలో తరగతుల మధ్య దూరం తక్కువ. పదో తరగతి అక్కతో కలిసి సైన్సు ఫెయిర్‌కు ఏదైనా తయారుచెయ్యి. మధ్యాహ్నం ఒకటో తరగతి పిల్లలకు కథ చదివిపెడతానని టీచర్‌ను అడుగు. కడుపునొప్పి పేరు చెప్పకుండా అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పు. మనసు మరీ బరువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు.

నా దగ్గర చదివిన ఇద్దరమ్మాయిలు ఏడాది పైగా మాట్లాడుకోలేదు. పదో తరగతి పరీక్షలకు వేరే బడిలో సెంటర్ పడింది. గేటు దగ్గర వందల కొత్త మొహాలు. హాల్‌టికెట్లు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. “నీది ఏ రూమే?” అంది ఒకతె. రెండోది హాల్‌టికెట్ చూపించింది. ఆ తర్వాత మిగిలిన పరీక్షలన్నింటికీ ఒకే ఆటోలో వచ్చారు.

నువ్వు అంతకాలం ఆగనక్కర్లేదు. మొదటి మాట నువ్వే అను. ఏమైందో వచ్చే నెల నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.