మ్రోతలేని చల్లదనము: ఇంటి కంప్యూటరును గూర్చి ఒక పాఠము

వేడి వహనము, సంవహనము, వికిరణము అను మూడు విధముల ప్రసరించునని మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదివియున్నారు. ఈ మూడింటికి నిర్వచనములు వ్రాసి మార్కులు తెచ్చుకొనుట కష్టము కాదు. కాని బల్లక్రింద నుంచిన కంప్యూటరు రాత్రి పది గంటలకు బుస్సుమని మ్రోగుచుండగా ఈ నిర్వచనములు మనకేమైన ఉపకరించునా యని ఆలోచించువారు అరుదు. ఈ వ్యాసమున మేము విచారింపదలచినది అదియే.

మన పిల్లలలో పెక్కురు ఒకటి రెండు గదుల యిండ్లలో నివసించువారు. చదువు, వంట, నిద్ర యన్నియు అచ్చటనే జరుగవలెను. తెలుగు పుస్తకము అంగడిలో సులభముగ దొరకని ఈ చెన్నపట్టణమున, తెలుగు మాధ్యమమున చదువుకొను బాలబాలికలకు కంప్యూటరు ఒక గ్రంథాలయము వంటిది. అది మ్రోగుచున్నచో తాతగారికి నిద్ర పట్టదు. నిలిపివేసినచో పిల్లవాని చదువు సాగదు. ఈ చిక్కులో కొందరు తలిదండ్రులు చేయు పని యొకటి మా దృష్టికి వచ్చినది. వారు మ్రోత వినబడకుండుటకై పెట్టెపై దుప్పటి కప్పుదురు, లేదా దానిని అలమారలో నుంచి తలుపు మూయుదురు. కొంతసేపు ఇల్లు నిశ్శబ్దముగ నుండును. పిమ్మట ఫ్యాను మునుపటికంటె బిగ్గరగ మ్రోగును. తుదకు యంత్రము తనంతట తానే ఆగిపోవును. పిల్లవాడు అంతవరకు వ్రాసి భద్రపరుపని దంతయు పోవును. రేపు పరీక్ష యనగా ఇట్లు జరిగిన యింట ఆ రాత్రి ఎవరికిని నిద్ర యుండదు.

దుప్పటి ఏల పనికిరాదో తెలియుటకు మన నగరములోనే చక్కని ఉదాహరణము కలదు. తిరువల్లిక్కేణి దగ్గర, సముద్రమున కెదురుగ, నేడు వివేకానంద భవనముగ ప్రసిద్ధి చెందిన కట్టడమును మీరు చూచియుందురు. 1897లో వివేకానందస్వామి అందు తొమ్మిది దినములు బస చేసిరి. కాని ఆ ప్రాంతమునకు నేటికిని ఐస్ హౌస్ అను పేరే వాడుకలో నున్నది. ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుని మంచు వ్యాపారము కొరకు ఆ కట్టడము 1842లో వెలసినది. అమెరికా ఈశాన్య ప్రాంతమున శీతకాలమందు గడ్డకట్టిన సరస్సులనుండి మంచును పలకలుగ కోసి, బోస్టను రేవున ఓడల కెక్కించి, నెలల తరబడి సముద్రముపై ప్రయాణము చేయించి, ఈ మండుటెండల పట్టణమునకు తెచ్చెడివారు. ఆ మంచు దారిలోనే నీరై పోకుండ కాపాడినది రంపపు పొట్టు. పొట్టు రేణువుల నడుమ చిక్కిన గాలి కదలజాలదు. కదలని గాలి వేడిని మిక్కిలి నెమ్మదిగ మాత్రమే పోనిచ్చును. కావున వెలుపలి వేడి మంచును చేరుట కష్టమైనది.

మన కంప్యూటరులో పేరుకొను దుమ్ము చేయు పనియు ఇదియే. దిక్కు మాత్రము మారినది. అచ్చట పొట్టు వేడిని లోనికి రానీయలేదు. ఇచ్చట దుమ్ము వేడిని వెలికి పోనీయదు. మంచును కాపాడిన గుణమే యంత్రమును ఉక్కిరిబిక్కిరి చేయుచున్నది. దుప్పటి కప్పుటయు అట్టిదే.

ఈ వేడి ఎచ్చటనుండి వచ్చుచున్నది? కంప్యూటరు పుచ్చుకొను విద్యుత్తు ఇంచుమించు అంతయు తుదకు వేడిగనే మారును. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 అను తొలి మైక్రోప్రాసెసరు ఒక వాట్టుకు మించి విద్యుత్తును వాడెడిది కాదు. దానికి ఫ్యానుతో పని లేకపోయినది. నేటి ఇంటి కంప్యూటరులోని ప్రాసెసరు 65 వాట్లు వాడుట సామాన్యము. వెనుకటి 60 వాట్ల విద్యుద్దీపమును వెలుగుచుండగా ముట్టి చేయి కాల్చుకొన్నవారికి ఈ సంఖ్య యొక్క అర్థము తెలియును. అంతటి వేడి తపాలాబిళ్ళ కంటె చిన్నదగు సిలికాను ముక్కలో పుట్టుచున్నది.

ఆ వేడి బయటికి పోవు దారి చూడుడు. సిలికాను ముక్కనుండి దాని లోహపు మూతకు, మూతనుండి హీట్‌సింకు అను రెక్కల లోహపు దిమ్మెకు వహనముచే పోవును. రెక్కలనుండి గాలిలోనికి సంవహనముచే పోవును. రాగి గాలికంటె సుమారు పదిహేనువేల రెట్లు బాగుగ వేడిని వహించును; అల్యూమినియము సుమారు తొమ్మిదివేల రెట్లు. అందుచేతనే మూతకును హీట్‌సింకునకును నడుమ వెండ్రుకవాసి గాలిపొర యున్నను అది పెద్ద అడ్డంకి యగును. ఆ సందును పూడ్చుటకే థర్మల్ పేస్టు పూయుదురు. మెండుగ పూసినచో మేలని కొందరు తలచుచున్నారు. అది సరి కాదు. పేస్టు గాలికంటె మేలైనదే కాని లోహముకంటె చాల తక్కువది. కందిగింజంత చాలును. కొన్ని యేండ్లకు అది ఎండిపోవును; అప్పుడు పాతదానిని తుడిచి క్రొత్తది పూయవలెను.

ఇక ఫ్యాను సంగతి. ఆంధ్రదేశమున శిక్షణ పొంది యిచటికి వచ్చిన మాకు తొలి వేసవిలో తోచిన విషయ మొకటి చెప్పెదము. గుంటూరు ఎండ పొడి యెండ. అచట చెమట వెంటనే ఆరిపోవును, కుండలో నీరు చల్లబడును. చెన్నపట్టణపు ఉక్కలో చెమట ఆరదు, కుండనీరును అంత చల్లబడదు. మన శరీరమునకు ఫ్యాను హాయినిచ్చుట చెమటను ఆర్చుటచేతనే ముఖ్యముగ జరుగుచున్నది. కాని కంప్యూటరుకు చెమట పట్టదు. కావున గాలిలోని తేమ దాని చల్లదనమునకు దాదాపు అడ్డు రాదు. తడిగుడ్డయు, నీటికుండయు దాని చెంత నుంచుట వలన లాభము లేకపోగా కీడు కలుగును. ఎంత గొప్ప ఫ్యానైనను కంప్యూటరును గదిలోని గాలికంటె చల్లగ చేయజాలదు. పెట్టెలోని గాలి 30 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 65 డిగ్రీలున్నదనుకొనుడు. అదే పని, అదే ఫ్యాను వేగము ఉండి, గాలి మాత్రము 38 డిగ్రీలైనచో, ప్రాసెసరు సుమారు 73 డిగ్రీలకు చేరును. 2003 మే 31న మన నగరమున ఎండ 45 డిగ్రీలకు పెరిగినది. కర్తరి దినములలో యంత్రము మ్రోత పెంచుట దాని దోషము కాదు. గదిలోని గాలిని బట్టి అది పరుగెత్తుచున్నది. ప్రాసెసరు నూరు డిగ్రీల సమీపమునకు చేరినచో తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో ఆగిపోవును.

1973లో మన ఐ.ఐ.టి.లో ఐ.బి.ఎం. 370/155 అను పెద్ద కంప్యూటరు నెలకొల్పబడినది. అట్టి యంత్రములకు చల్లని ప్రత్యేకమైన గది యుండెడిది. అవి ఎంత మ్రోగినను అచట నిద్రించువారు లేరు. మన చిక్కు వేరు. మనకు చల్లదనమును కావలెను, నిశ్శబ్దమును కావలెను. ఈ రెండును ఒకదానికొకటి శత్రువులని చాలమంది నమ్మకము. గణితము వేరుగ చెప్పుచున్నది.

ఫ్యాను వేగమును సగము చేసినచో అది తోయు గాలి సగమగును. కాని మ్రోత సుమారు 15 డెసిబెల్లులు తగ్గును. మన చెవికి పది డెసిబెల్లుల తగ్గుదల మ్రోత సగమైనట్లు తోచును గనుక ఈ తగ్గుదల సామాన్యమైనది కాదు. గాలిలో పోగొట్టుకొన్నది సగము. మ్రోతలో లాభించినది అంతకు మించినది. ఈ కారణముచేతనే 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను వేగముగ తిరుగుటకంటె 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను మెల్లగ తిరుగుట మేలు. అయితే వేగమును తగ్గించుటకు ముందు గాలి దారిలోని అడ్డంకులను తీయవలెను. ఈ క్రమమును తప్పినచో ఫలితము దుప్పటి కప్పినట్లే యగును.

కావున మొదటి పని శుభ్రపరచుట. మన నగరమున వీధిదుమ్ముతోడ సముద్రపుగాలిలోని ఉప్పును చేరును. ఆ రెండును తేమతో కలిసి రెక్కల సందున అట్టవలె గట్టిపడును. పెద్దల సమక్షమున మాత్రమే విద్యార్థులు ఈ పనికి పూనుకొనవలెను. యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి ఊడబెరికి, స్విచ్చును ఒకమారు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనీయుడు. పెట్టె ప్రక్కపలకను తీసి మెత్తని పొడి కుంచెతో దుమ్మును దులుపుడు. ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుకొనుడు. నీరు వాడరాదు. పవర్ సప్లై అను పెట్టెను మాత్రము ఎట్టి పరిస్థితులందును విప్పరాదు; ప్లగ్గు తీసిన పిమ్మటను అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఈ మాట మేము మరల మరల చెప్పుదుము.

పిదప స్థానము. పెట్టెను నేలపై నుంచినచో ఊడ్చిన దుమ్మంతయు దానిలోనికే పోవును. చిన్న పీటపై నుంచుడు. వెనుకవైపు గోడకు జానెడు ఎడము విడువుడు. బోలుగ నుండు చెక్కబల్లపై నుంచినచో బల్ల మృదంగమువలె మ్రోగును; పెట్టె కాళ్ళక్రింద రబ్బరు ముక్కలు చాలును. పాత తరహా హార్డ్‌డిస్కు అదరుటచే కలుగు గుంయిమను శబ్దమునకును ఇదియే మందు. ఎస్.ఎస్.డి.లో తిరుగునది యేమియు లేదు గనుక దానికి శబ్దమే లేదు.

మూడవది, వేడిని పుట్టుకలోనే తగ్గించుట. తెలుగు టైపు చేయుటకును, పాఠము చదువుటకును ప్రాసెసరు పూర్తి శక్తి అక్కరలేదు. విండోసులోని పవర్ అమరికలలో ప్రాసెసరు గరిష్ఠ స్థితిని నూటికి 99గ నుంచినచో చాల యంత్రములలో టర్బో అను అదనపు వేగము ఆగును. వేడియు మ్రోతయు తగ్గును. ఏ పనియు చేయకున్నను ఫ్యాను గర్జించుచున్నచో టాస్క్ మేనేజరును తెరచి, ఏ ప్రోగ్రాము చాటుగ శ్రమించుచున్నదో చూడుడు.

ఈ మూడును చేసిన పిమ్మటనే యంత్రము మొదలగునప్పుడు తెరచుకొను బయాస్ అమరికలలో ఫ్యాను వేగమును తగ్గింపవలెను. ప్రాసెసరు అరువది డిగ్రీల లోపలనున్నంతవరకు నెమ్మదిగను, అటుపై క్రమముగ వేగముగను తిరుగునట్లు అమర్చుట మాకు ఉచితముగ తోచుచున్నది. నీటిగొట్టములతో చల్లబరచు ఖరీదైన సాధనములు కొందరికి ముచ్చట కావచ్చును. 65 వాట్ల ఇంటి యంత్రమునకు అవి యేల?

శుభ్రపరచిన పిమ్మటను ఫ్యాను గరగరమని శబ్దము చేయుచున్నచో దాని బేరింగు అరిగినదని తెలియవలెను. నూనెచుక్క కొన్నాళ్ళు మాత్రమే పనిచేయును, మార్చుటయే మంచిది. రిచ్చీ వీధిలో అన్ని కొలతలవియు దొరకును. అచట దుకాణదారుతో తమిళమున మాటలాడునప్పుడు మిన్‌విసిరి అను మాట చెవిని పడవచ్చును. అందలి విసిరి మన విసనకర్రకు చుట్టమే. రెండు భాషలకును విసరుట ఉమ్మడి సొత్తు. పాత ఫ్యానును వెంట తీసికొనిపొండు. దాని కొలత 80, 92, 120 మిల్లీమీటర్లలో ఎంతయో చూచుకొనుడు. తీగ చివర మూడు పిన్నులున్నవో నాలుగున్నవో కూడ చూచుకొనుడు. మీ మదర్‌బోర్డుపై నాలుగు పిన్నుల చోటున్నచో నాలుగు పిన్నులదే అడుగుడు. వేగమును అదుపులో నుంచుటకు అది అనుకూలము.