మన మాటలతో పనుల పట్టిక

కంప్యూటరు తెరపై పనుల పేర్లు తరచుగ ఆంగ్లముననే కనబడును. ఇంట ఆ భాష రాని పెద్దలకొరకు, లినక్సు వ్యవస్థలో ఆ పట్టికను మనమే తెలుగున వ్రాసికొనవచ్చును.

ఇందుకు 'రోఫీ' యను సాధనము చాలును. మన మిచ్చిన పంక్తులను అది తెరపై చూపి, ఎన్నుకొనిన పంక్తిని తిరిగి యిచ్చును. పని జరిపించునది మనము వ్రాసిన స్క్రిప్టు. 2006లో వెలువడిన 'డీమెనూ' ఈ పద్ధతికి మూలము. కాని అది మన ఒత్తులను సరిగా కూర్పదు. రోఫీ 'పాంగో' సహాయమున చక్కగా చూపును.

స్క్రిప్టున మూడు భాగములు. మొదట 'ఉత్తరము', 'లెక్కలు', 'ఫొటోలు' అని పంక్తికొక పేరు వ్రాయుదము. పిదప వానిని పైపు గుర్తుతో రోఫీకి, దాని డీమెనూ పద్ధతిలో, పంపుదము. తుదకు తిరిగి వచ్చిన పేరును పోల్చి, దానికి తగిన ఆజ్ఞ నిత్తము. ఏ పేరును ఎన్నుకొననిచో స్క్రిప్టు ఊరకుండవలెను. ఫైలునకు నడుచు అనుమతి నిచ్చి, కీబోర్డుపై నొక మీటకు జోడింతము.

పట్టికలో 'ఉత్తరము' అనియు, పోలికలో 'ఉత్తరం' అనియు వ్రాసినచో పని జరుగదు. రెండుచోట్లను ఒకే వర్ణక్రమము పాటింపవలెను. ఈ వారము మూడు పేర్లతో పట్టిక కట్టి, ఇంటివారిచే చదివించి చూతము.