ఓపెయిర్ ఎంపిక: ముందు నిబంధన, తర్వాతే నచ్చడం

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పసిపిల్లల్ని ఎవరు చూసుకోవాలి? అమెరికా, ఐరోపా దేశాల్లో చాలా కుటుంబాలు ఈ ప్రశ్నకు ‘ఓపెయిర్’ రూపంలో సమాధానం వెతుక్కుంటాయి. వలస విధానం, కార్మిక హక్కులు, సాంస్కృతిక మార్పిడి మూడూ కలిసే అంశం కాబట్టి పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇది ఉపయోగకరం. ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ కుటుంబం తన ఇష్టం వచ్చినవారిని తెచ్చుకోలేదు. చట్టం గీసిన గీత లోపలే ఎంపిక జరుగుతుంది.

ఓపెయిర్ అంటే ఎవరు?

వేరే దేశం నుంచి వచ్చి, ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, ఆ ఇంటి పిల్లల సంరక్షణలో రోజుకు కొన్ని గంటలు సాయపడే యువతి లేదా యువకుడు. బదులుగా ఆ కుటుంబం గది, భోజనం, చేతి ఖర్చుకు డబ్బు ఇస్తుంది. చదువుకోవడానికో, భాష నేర్చుకోవడానికో వీలు కల్పిస్తుంది.

• పిల్లలకు తినిపించడం, వారి బట్టలు, గది సర్దడం, బడికి దింపడం వంటివి ఓపెయిర్ పనులు.
• ఇల్లంతా శుభ్రం చేయడం, ఇంటిల్లిపాదికీ వంట చేయడం ఆ విధుల్లోకి రావు.
• నానీకి పిల్లల పెంపకమే వృత్తి. ఓపెయిర్‌కు అది ఏడాది, రెండేళ్ల అనుభవం మాత్రమే.

నేపథ్యం

ఐరోపా మండలి 1969 నవంబరు 24న స్ట్రాస్‌బర్గ్‌లో ఓపెయిర్ నియామకాలపై ఒప్పందాన్ని సంతకాలకు ఉంచింది. అది 1971లో అమల్లోకి వచ్చింది. వయసు 17–30 ఏళ్లు, రోజుకు సాధారణంగా 5 గంటలకు మించని పని, వారానికి ఒక పూర్తి సెలవు, రాతపూర్వక ఒప్పందం దీని ముఖ్యాంశాలు. దీన్ని ఆమోదించిన దేశాలు కొన్నే అయినా, తర్వాత వచ్చిన చాలా జాతీయ నిబంధనల్లో ఇదే చట్రం కనిపిస్తుంది.

అమెరికాలో ఈ పథకం 1986లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ప్రస్తుతం విదేశాంగ శాఖ పర్యవేక్షణలో, జే-1 వీసా కింద నడుస్తోంది.

అమెరికా నిబంధనలు: ఎవరు అర్హులు?

ఓపెయిర్‌కు:
• వయసు 18–26 ఏళ్లు, పాఠశాల విద్య పూర్తి, ఇంగ్లిష్‌లో మాట్లాడగలగడం.
• వైద్య పరీక్ష, నేర చరిత్ర తనిఖీ, బంధువులు కానివారి సిఫార్సులు.
• పిల్లల భద్రతపై 8 గంటలు, పిల్లల ఎదుగుదలపై 24 గంటలు కలిపి మొత్తం 32 గంటల శిక్షణ.

కుటుంబానికి:
• తల్లిదండ్రులు అమెరికా పౌరులు లేదా శాశ్వత నివాసులై ఉండాలి.
• ఓపెయిర్‌కు విడిగా పడకగది ఇవ్వాలి.
• ఇంట్లో ఉండే పెద్దలందరినీ నియామకం జరిపే స్పాన్సర్ సంస్థ స్వయంగా ఇంటర్వ్యూ చేస్తుంది. ఆర్థిక స్థోమతనూ చూస్తుంది.

పిల్లల వయసును బట్టి:
• 3 నెలల లోపు శిశువు ఉంటే, ఇంట్లో తల్లి, తండ్రి లేదా బాధ్యత గల మరో పెద్ద తప్పనిసరిగా ఉండాలి.
• రెండేళ్ల లోపు బిడ్డ ఉంటే, పసిపిల్లల్ని చూసిన అనుభవం కనీసం 200 గంటలు ఉన్నట్టు ఆధారం కావాలి.
• ప్రత్యేక అవసరాలున్న పిల్లలైతే, ఆ రంగంలో అనుభవమో శిక్షణో ఉండాలి. ఆ వివరాలు చూశామని కుటుంబం రాసివ్వాలి.

ఎంపిక ఎలా జరుగుతుంది?

1. అవసరం రాసుకోవడం: పిల్లల వయసులు, ఏ రోజు ఎన్ని గంటలు, కారు నడపాలా, ఈత రావాలా అన్నవి ముందే తేల్చుకోవాలి. వారానికి 45, రోజుకు 10 గంటలు దాటే అవసరమున్న ఇంటికి ఓపెయిర్ సరిపోదు. డే కేర్‌నో, నానీనో చూసుకోవాలి.

2. స్పాన్సర్ సంస్థ: విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థల ద్వారానే నియామకం జరగాలి. నేరుగా తెచ్చుకునే వీలు లేదు. దరఖాస్తు, ఇంటి పరిశీలన అయ్యాక కుటుంబానికి అభ్యర్థుల ప్రొఫైళ్లు అందుతాయి.

3. ఇంటర్వ్యూ: ఓపెయిర్ స్వదేశం నుంచి బయల్దేరకముందే కుటుంబం ఫోన్‌లో మాట్లాడి తీరాలన్నది నిబంధన. ఇప్పుడు ఎక్కువగా వీడియో కాల్‌లోనే ఈ మాటలు సాగుతాయి. ‘పిల్లలంటే ఇష్టమా?’ అని అడిగితే కాదనేవారు ఉండరు. ‘చిన్నవాడికి జ్వరం వచ్చింది, పెద్దవాడిని బడి నుంచి తేవాలి, మేం ఫోన్ ఎత్తడం లేదు, ఏం చేస్తావు?’ అంటే అభ్యర్థి ఆలోచనా తీరు బయటపడుతుంది.

4. ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పడం: పెంపుడు కుక్క, శాకాహార నియమం, తాతయ్య, నానమ్మ కూడా ఇంట్లోనే ఉండటం, ఊరికి బస్సు లేకపోవడం వంటివి దాచకూడదు. ఎంచుకునేది కుటుంబం ఒక్కటే కాదు, ఓపెయిర్ కూడా కుటుంబాన్ని ఎంచుకుంటుంది.

5. ఒప్పందం: విధులు, గంటలు, సెలవులు రాతలో ఉండాలి. వారానికి ఒకటిన్నర రోజు, నెలలో ఒక పూర్తి వారాంతం, ఏడాదికి రెండు వారాల వేతన సెలవు తప్పనిసరి.

6. తొలి రోజులు: వచ్చాక మొదటి 3 రోజులు తల్లిదండ్రుల్లో ఒకరో, బాధ్యత గల పెద్దవారో ఇంట్లో ఉండాలి. పొసగకపోతే స్థానిక సమన్వయకర్త ఇరువైపులా మాట్లాడతారు. అప్పటికీ కుదరకపోతే కొత్త కుటుంబాన్ని వెతుకుతారు. దీన్నే ‘రీమ్యాచ్’ అంటారు.

స్టైపెండ్ లెక్క

ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 45 గంటలకు 326.25 డాలర్లు. గది, భోజనం కింద 40 శాతం తీసేస్తే వారానికి 195.75 డాలర్లు. చదువు ఖర్చుకు కుటుంబం 500 డాలర్ల వరకు అదనంగా ఇవ్వాలి.

ఈ లెక్కపైనే వివాదం. స్పాన్సర్ సంస్థలు స్టైపెండ్‌ను కనిష్ఠ స్థాయిలోనే కట్టడి చేశాయన్న దావా 2019లో 6.55 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. మసాచుసెట్స్‌లో ఓపెయిర్లకు రాష్ట్ర కనీస వేతన చట్టమూ వర్తిస్తుందని అదే ఏడాది ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. పేరుకు సాంస్కృతిక మార్పిడి అయినా, చేస్తున్నది శ్రమే అన్న వాదనకు దీంతో బలం వచ్చింది.

ఐరోపాలో పరిస్థితి

• జర్మనీ: వారానికి గరిష్ఠంగా 30 గంటలు, నెలకు 280 యూరోల పాకెట్ మనీ, ఏ1 స్థాయి జర్మన్ అవసరం.
• బ్రిటన్: ఓపెయిర్ వీసా వర్గం 2008లో రద్దయింది. యజమాని ఇంట్లో కుటుంబ సభ్యుల్లా ఉంటూ పనిచేసేవారికి కనీస వేతనం నుంచి ఉన్న మినహాయింపును 2024 ఏప్రిల్ 1న తొలగించారు.
• నార్వే: 2024లో పథకాన్నే నిలిపివేసింది.

తెలుగు కుటుంబాలకు వర్తించేది

హెచ్‌-1బీ వీసాపై అమెరికాలో ఉన్న దంపతులు పౌరులో, గ్రీన్‌కార్డుదారులో కారు కాబట్టి ఓపెయిర్‌ను పెట్టుకోలేరు. బిడ్డ పుట్టాక అమ్మనో, అత్తగారినో సందర్శక వీసాపై కొన్ని నెలలకు పిలిపించుకోవడం, తర్వాత డే కేర్‌ను ఆశ్రయించడం వారికి మామూలు. జర్మనీలో, ఇంట్లో జర్మన్ మాట్లాడినా అది మాతృభాష కాని కుటుంబం తన స్వదేశం నుంచి ఓపెయిర్‌ను తెచ్చుకోకూడదు. కాబట్టి అక్కడి తెలుగు కుటుంబం తెలుగు అమ్మాయిని ఈ దారిలో రప్పించుకోలేదు.

భారత్ సందర్భం

ఇంట్లో చేసే శ్రమకు రక్షణ ఏమిటన్న ఇదే ప్రశ్న భారత్‌లో గృహ కార్మికుల విషయంలో ఎదురవుతుంది. వారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. భారత్ అనుకూలంగా ఓటేసినా ఇంకా ధ్రువీకరించలేదు. గృహ కార్మికులకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించే కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

మాదిరి ప్రశ్నలు

1. అమెరికాలో ఓపెయిర్‌లకు ఇచ్చే వీసా ఏది?
ఎ) హెచ్‌-1బీ బి) జే-1 సి) ఎఫ్‌-1 డి) బీ-2

2. రెండేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లే ఓపెయిర్‌కు కనీసం ఎన్ని గంటల అనుభవం ఉండాలి?
ఎ) 32 బి) 45 సి) 100 డి) 200

3. ఐఎల్‌ఓ 189వ ఒడంబడిక ఎవరికి సంబంధించినది?
ఎ) గని కార్మికులు బి) గృహ కార్మికులు సి) నావికులు డి) బాల కార్మికులు

జవాబులు: 1–బి, 2–డి, 3–బి

వ్యాసరూప ప్రశ్న: ఓపెయిర్ వ్యవస్థ సాంస్కృతిక మార్పిడా, చౌక శ్రమా? ఉదాహరణలతో విశ్లేషించండి.