చేమ సాగు: సమోవా రైతుల అనుభవము నేర్పు పాఠము



మీ పెరటిలోని చేమ, తోటలోని కంద ఒకే కుటుంబపు మొక్కలు. దట్టమైన వానలు కురియు ఉష్ణమండలపు అడవులే ఈ కుటుంబములో అధికభాగమునకు పుట్టినిల్లు. పెద్ద చెట్ల నీడలో దొరకు కొద్దిపాటి వెలుతురును వెడల్పయిన ఆకుతో పట్టి, పిండిపదార్థమును నేలలో దుంపగా దాచుకొనుట వీని స్వభావము. దుంపలోను, ఆకులోను ఉండు కాల్షియం ఆక్సలేటు సూదులు నోటికి దురద కలిగించును. మన ఆడవారు చింతపండు వేసి బాగుగా ఉడికించుట ఇందులకే.

అడవి నుండి పొలమునకు

ఈ మొక్కలను మచ్చిక చేసినవారు అడవులలో నివసించిన జనులే. పాపువా న్యూగినీ కొండలలో కుక్ అను చిత్తడినేల కలదు. అచ్చటి తవ్వకములలో దొరికిన రాతి పనిముట్లపై సుమారు 10,000 ఏండ్లనాటి చేమ పిండిరేణువులు కనబడినవి. సుమారు 7,000 ఏండ్ల క్రిందట అచ్చటి జనులు మట్టిదిబ్బలు పోసి మొక్కలు నాటిరి. తరువాతి కాలమున కాలువలు త్రవ్వి అధికజలమును తీసివేసిరి. ఈ స్థలమును యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

పసిఫిక్ దీవులలో దుంప తలను కాడల మొదళ్లతో సహా కోసి తిరిగి నాటుదురు. పిలకలను కూడ నాటుదురు. మనము పిల్లదుంపలను నాటుదుము. విత్తనముతో పని లేదు కనుక మంచి రకము తరతరాలకు మారక నిలుచును. ఇది లాభము. కాని ఒకే రకము వేసిన పొలములోని మొక్కలన్నియు ఒకే మొక్క తునకలు. ఒకదానిని చంపు తెగులు అన్నింటిని చంపగలదు.

1993లో జరిగినది

సమోవా దీవులలో చేమయే ముఖ్యాహారము, పెద్ద ఎగుమతి పంట. విదేశపు సంతలో గిరాకి ఉన్నందున రైతులు అధికముగా 'నియూ' అను ఒకే రకమును వేసిరి. 1993లో ఆకుమాడు తెగులు ప్రవేశించినది. దీనికి కారణము ఫైటాప్తొరా కొలొకేసియే అను బూజువంటి సూక్ష్మజీవి. కొద్ది మాసములలో తోటలు మాడిపోయినవి. మరుసటి ఏటికి ఎగుమతి దాదాపు నిలిచిపోయినది. చేమ ఆకుపై నీరు నిలువదు. అందువలన చల్లిన మందు వానకు జారిపోయినది.

అప్పుడు జనులకు అన్నము పెట్టినవి పాత పంటలు: అరటి, సీమపనస, 'తాము' అను చేమ కుటుంబపు మరియొక దుంప. దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయము వారు పలావు, మైక్రోనేషియా దీవుల జనులు నిలుపుకొన్న తట్టుకొను రకములను తెచ్చి సంకరము చేసిరి. తరువాత ఆసియా రకములను కూడ కలిపిరి. కొత్త మొక్కలను రైతులే తమ పొలములలో పెంచి, వండి రుచిచూచి మంచివానిని ఏరిరి. ఈ విధముగా చేమ తిరిగి నిలదొక్కుకొన్నది.

మీరు చేయవలసినది

ఈ తెగులు మన దేశములోను కలదు. వానాకాలమున ఆకుపై నీటిలో నానినట్టి గుండ్రని మచ్చలు పుట్టి, గోధుమరంగుకు మారి పెద్దవగును. మచ్చలపై పసుపుపచ్చని జిగురు బొట్లు కనబడును.

1. తెగులు సోకిన మడినుండి పిల్లదుంపలను విత్తనమునకు తీయరాదు.
2. మొక్కకు మొక్కకు ఎడముంచి గాలి ఆడునట్లు నాటవలెను.
3. మచ్చ తొలుత కనబడగానే ఆ ఆకులను కోసి కాల్చివేయవలెను. తెగులు మడి అంతటను వ్యాపించిన పిమ్మట దీనివలన ఫలితము స్వల్పము.
4. మడి అంతయు ఒకే రకముతో నింపక, రెండు మూడు రకములను వేరువేరు సాళ్లలో వేయవలెను.
5. సంతలో ధర పలుకదని ఇంటి పాత రకమును పారవేయరాదు. నాలుగు మొక్కలైనను పెరటిలో నిలుపుడు.

సమోవాకు కావలసిన రకము దూరపు దీవుల పెరళ్లలో దొరకినది. రేపు మీ ఊరికి కావలసినది మీ పెరటిలోనే ఉండవచ్చును.