యుద్ధవార్త - సైనికుని కీర్తి

యుద్ధకాలంలో సరిహద్దును స్వయంగా చూసే పౌరులు బహు కొద్దిమంది. తక్కినవారికి సైనికుడు పత్రికలోని వార్తగా, రేడియోలో వినవచ్చే మాటగా, టెలివిజన్ తెరపై దృశ్యంగా మాత్రమే పరిచితుడు. కనుక వార్తాహరుడు చేరని చోట జరిగిన త్యాగం మరుగున పడే ప్రమాదం ఉంది. 1962లో లడఖ్‌లోని రెజాంగ్ లా పోరాటం ఇందుకు నిదర్శనం.

చుషూల్ సమీపాన, పదహారు వేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉన్న ఈ కనుమకు 13వ కుమావోన్ పటాలంలోని చార్లీ కంపెనీ కాపలా ఉండేది. నాయకుడు మేజర్ షైతాన్ సింగ్ రాజస్థాన్‌కు చెందినవారు. సైనికులలో అత్యధికులు నేటి హర్యానా ప్రాంతపు పల్లెలవారు. నవంబరు 18వ తేదీ తెల్లవారుజామున చైనా సేనలు దాడి చేశాయి. కొండలు అడ్డుగా ఉన్నందున భారత ఫిరంగుల సహాయం కంపెనీకి అందలేదు. సుమారు 120 మందిలో వందమందికి పైగా అక్కడే నేలకొరిగారు.

ఆ కనుమలో విలేకరి లేడు, ఛాయాగ్రాహకుడు లేడు. ఆ రోజులలో దేశం దృష్టి అంతా తూర్పున బొమ్డిలా పతనంపైన, తేజ్‌పూర్‌లో చెలరేగిన కలవరంపైన నిలిచింది. ఎటు చూసినా పరాజయ భావమే. ప్రాణాలతో తిరిగి వచ్చిన కొద్దిమంది, తమ సహచరులు తుదివరకు పోరాడారని చెప్పినా తొలుత నమ్మినవారు అరుదు. పారిపోయి వచ్చారన్న నిందను సైతం కొందరు భరించవలసి వచ్చింది. 1963 జనవరి 27న ఢిల్లీలో లతా మంగేష్కర్ ప్రదీప్ రచించిన గీతాన్ని ఆలపించి అమరులకు నివాళి అర్పించే నాటికి, రెజాంగ్ లా వీరుల దేహాలు ఇంకా మంచులోనే ఉన్నాయి.

అనంతరం ఒక పశువుల కాపరి వాటిని కనుగొన్నాడు. పలువురి చేతులలో ఆయుధాలు అలాగే ఉన్నాయి. వైద్య సహాయకుని చేతిలోని సిరంజి జారిపోలేదు. బతికినవారి మాటకు మృతులే సాక్ష్యం పలికారు. షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించింది.

1999 నాటి కార్గిల్ పోరు నాటికి పరిస్థితి మారింది. పూర్వం మృతులకు సాధారణంగా యుద్ధభూమి సమీపానే అంత్యక్రియలు జరిగేవి. ఇప్పుడు శవపేటికలు స్వగ్రామాలకు చేరాయి. టెలివిజన్ ఆ దుఃఖాన్ని ఇంటింటికీ తెచ్చింది. అయితే కెమెరా వెనుదిరిగిన పిమ్మట క్షతగాత్రుని జీవితం, వితంతువు బాధ్యతలు వార్తలలో అంతగా కానరావు.

గెలుపోటములను బట్టి సైనికుని విలువ కట్టడం న్యాయం కాదు. యుద్ధవార్తను చదివే విద్యార్థి, అందులో కనిపించిన వారితోపాటు కనిపించని వారిని గురించి కూడా ప్రశ్నించడం నేర్చుకోవాలి.