పుట్టినదినపు చిత్రపు కార్డు



ఉపాధ్యాయుడు తన తరగతిలోని ప్రతి బాలునకును బాలికకును వారి పుట్టినదినమున స్వహస్తముతో నొక చిన్న చిత్రమును వ్రాసి యిచ్చుట మంచి యలవాటు. ఇది వట్టి వినోదమని కొందఱు తలంతురు. దీని ప్రయోజన మెట్టిదో, దీనిని వ్రాయు విధ మెట్టిదో యిందు వివరింతును.

మన తాతల కాలమున పెక్కండ్రకు పుట్టిన తేది యింట వ్రాసియుండలేదు. వరికోతలనాడు పుట్టినాడనియో, గాలివాన వచ్చిన యేడు పుట్టినదనియో తల్లి చెప్పెడిది. బడిలో చేర్చునపుడు ఉపాధ్యాయుడు బిడ్డ యీడు చూచి, జూన్ నెలలోనో జూలై నెలలోనో యొక తేదిని ప్రవేశపు పుస్తకమున వ్రాయుట వాడుక. ఆ తేదియే పిమ్మట ఉద్యోగమునకును పింఛనునకును ఆధారమయ్యెను. జననమరణముల నమోదు చట్టము 1969లో వచ్చిన తరువాత నీ స్థితి క్రమముగా మాఱినది. నేడు తేదులు మనయొద్ద సరిగానే యున్నవి. కాని పుస్తకమున నున్న తేది ఆ దినమున నెవరికిని జ్ఞప్తికి రానిచో బిడ్డ కేమి లాభము?

ఉపాధ్యాయుడు శిష్యునకు చిత్రము పంపుటకు మన దేశమున గొప్ప నిదర్శనము గలదు. శాంతినికేతనమున కళాభవనమునకు అధ్యక్షులుగా నుండిన నందలాల్ బోసుగారు (1882–1966) తపాలా కార్డులమీద చిత్రములు వ్రాసి శిష్యులకును స్నేహితులకును పంపుచుండిరి. అవి పుట్టినదినమునకని వ్రాసినవి కావు. మేక, చెట్టు, బాటసారి మొదలగు తాము కన్నులార చూచిన వానినే కొలది గీతలలో వ్రాసెడివారు. మన తెలుగువారైన కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) ఆ శాంతినికేతనముననే విద్య నేర్చి, హైదరాబాదులో చిత్రకళ నేర్పిరి.

ఈ పనిలో కష్టమైనది రంగు వేయుట కాదు. ఏమి వ్రాయవలెనో తెలియుట. అల్లరి చేయువానిని, మొదటి మార్కులు తెచ్చుకొనువానిని ఎల్లరు నెఱుగుదురు. నడిమి బల్లపై మౌనముగా కూర్చుండు బిడ్డకొఱకు కార్డు చేతబట్టినపుడు కుంచె కదలదు. అప్పుడొక గులాబీపువ్వు వ్రాసి తప్పించుకొనరాదు. వారము దినములు ముందుగా నాబిడ్డను గమనింపవలెను. మధ్యాహ్నము ఎవరితో భుజించును? సెలవునాడు ఏ పనిలో నుండును? ఏ పాఠమున ముఖము వికసించును? ఒకడు గేదెను మేపుటలో నేర్పరి కావచ్చును; ఒకతె తమ్ముని చంకనెత్తుకొని లెక్కలు చేయవచ్చును. ఆ నేర్పునే చిత్రింపవలెను. వారి లేమిని గాని అంగలోపమును గాని సూచించునది వ్రాయరాదు.

బిడ్డ చిత్రమునకు నడుమ నుండగా, చుట్టునుండు దృశ్యమును ఋతువే యిచ్చును. మన మనుబోలు ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనములవలన వానలు కురియును; ఆ నెలలలో పుట్టినవారికి నిండిన చెఱువును నారుమడియు తగును. చలికాలమునకు నేలపట్టు గూడబాతులును, వేసవికి వేపపూతయు తాటిముంజెలును గలవు.

ఇక విధానము. దళసరి కాగితమును 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గలుగునట్లు, అనగా తపాలా కార్డంత, కత్తిరింపుడు. పెన్సిలుతో పలుచగా గీయుడు. నీటిరంగులలో లేతరంగును ముందును, ముదురురంగును పిదపను వేయవలెను; ముదురురంగుపై లేతరంగు కనబడదు. తెలుపునకు కాగితమునే విడువుడు. ఒక రంగు ఆఱిన పిమ్మటనే దానిప్రక్కను మఱియొకటి వేయుడు. లేనిచో రెండును కలిసిపోవును. నారుమడికి పసుపుపచ్చలో కొంచెము నీలము చాలును. వెనుకప్రక్క బిడ్డ పేరును తేదియు వ్రాసి, మీరు చూచిన మంచిని ఒక్క వాక్యమున చెప్పుడు.

నలువదిమంది గల తరగతికి వారమునకు ఒక కార్డు కూడ పట్టదు. వేసవి సెలవులలో పుట్టినవారిని మఱువక, బడి మూయు దినముననే వారి కార్డు నీయవలెను. ఒక్కనికి తప్పినను తక్కినవారికిచ్చినది వానికి గాయమగును. కావున పని ప్రారంభించుటకు ముందే పట్టిక వ్రాసికొనుడు.

తలిదండ్రులారా, మీ బిడ్డ యింట చేయు మంచిపనిని ఉపాధ్యాయునకు తెలుపుడు. విద్యార్థులారా, మీరును నేర్చుకొని, మీ తరగతిలో నెవరితోను ఎక్కువ మాటలాడని వానికి మొదటి కార్డు వ్రాయుడు. మంచి కాపరి తన గొఱ్ఱెలలో నొక్కొక్కదానిని పేరుతో పిలుచునని మనము బాల్యమునుండియు వినుచున్నాము గదా.